గడము డొక్కలు

పెబ్బేరు సంతలో ఎద్దును బేరం చేసేటప్పుడు మా తాత పళ్లు చివర్లో చూసేవాడు. ముందు పదడుగులు వెనక్కి జరిగి డొక్కలు చూసేవాడు. "దగ్గరికి వోతె బెదురుతది, పొట్ట బిగవడతది. దూరంకెల్లి జూస్తె అదే జెప్తది దాని సంగతి" అనేవాడు. నడుమెముక పక్కన గుంట ఎంత లోతుంది, వెన్నుకి అటూ ఇటూ కండ నిండుగా ఉందా, ఆవైతే పొట్ట ఏ పక్కకి దిగింది. చెయ్యి వెయ్యకుండానే తిండీ జబ్బూ చూలూ అన్నీ అంచనా కట్టేవాడు.

మాది తెలకపల్లి. సముద్రం రెండు వందల కిలోమీటర్ల పైమాటే. తాత దాన్ని చూడకుండానే పోయాడు. అయినా తిమింగలాల ఆరోగ్యాన్ని డ్రోన్లతో ఎలా కనిపెడుతున్నారో చదివిన ప్రతిసారీ నాకు ఆయనే గుర్తొస్తాడు, ఎందుకంటే వాళ్లు చేస్తున్నది కూడా డొక్కలు చూడటమే.

2014లో కెనడా పశ్చిమ తీరంలో, అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా, వాంకూవర్ అక్వేరియం శాస్త్రవేత్తలు కలిసి ఆరు రెక్కల డ్రోన్‌ని ఓర్కాల మీదికి పంపారు. వంద అడుగులకు పైనుంచి ఫొటోలు తీశారు. ఎంత ఎత్తులోంచి తీశారో కచ్చితంగా తెలిస్తే ఫొటోలో ఒక్కో చుక్క నీటి మీద ఎంత కొలతో లెక్క కట్టొచ్చు. అలా పొడవు, ఒంటి పొడుగునా వెడల్పు కొలుస్తారు. నడుము దగ్గర వెడల్పు పెరిగితే చూలు. తల వెనక కొవ్వు కరిగి మెడ దగ్గర నొక్కు పడితే ఆకలి. నిండుగా ఉండాల్సిన తల పల్లీకాయ ఆకారంలోకి వస్తుంది. (పల్లి పండే ప్రాంతం వాణ్ని కాబట్టి ఈ పోలిక నాకు వెంటనే అర్థమైంది.)

ఊపిరిని పట్టే పద్ధతి ఇంకొకటి ఉంది. తిమింగలం పైకొచ్చి ఊదినప్పుడు లేచే తుంపరలో సూక్ష్మజీవులుంటాయి, హార్మోన్లుంటాయి. డ్రోన్లు ఇంత చవక కాకముందే కరీనా అసెవెడో-వైట్‌హౌస్ బృందం రిమోట్ హెలికాప్టర్‌కి పెట్రీ గిన్నెలు కట్టి ఆ తుంపరలోంచి పోనిచ్చింది. దానికి 2010లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పనులకిచ్చే బహుమతి అది. నవ్వడం అయిపోయింది. 2017లో అచ్చయిన ఒక అధ్యయనంలో, డ్రోన్‌తో 26 హంప్‌బ్యాక్ తిమింగలాల ఊపిరి పట్టి, ఆరోగ్యంగా ఉన్నప్పుడు వాటి శ్వాసలో మామూలుగా ఏ బాక్టీరియా ఉంటుందో ఒక పట్టీ రాయగలిగారు. జబ్బును గుర్తుపట్టాలంటే ముందు బాగున్నప్పుడు ఎలా ఉంటుందో తెలియాలి కదా.

ఇందులో కొత్తేముందో తెలియాలంటే వెనక్కి చూడాలి. అంతకుముందు తిమింగలాల ఒంటి గురించి మనిషికి తెలిసినదాంట్లో చాలా భాగం చచ్చిన తిమింగలాలే చెప్పాయి. వేటాడి ఓడ మీదికి లాగినవి, ఒడ్డుకు కొట్టుకొచ్చినవి, వలలో చిక్కి ఊపిరాడక పోయినవి. ఆ చరిత్రలో మన తీరానికి పెద్ద చోటే ఉంది.

1845లో అమరావతి స్తూపం శిల్పాల్ని తవ్వించిన వాల్టర్ ఎలియట్ ఉత్తర సర్కారులకు కమిషనర్‌గా ఉన్న రోజులవి. ఆయనకి నాణేలు, శాసనాలు, మొక్కలు, పక్షులు అన్నీ కావాలి. 1852లో విశాఖపట్నం రేవులో ఒక డాల్ఫిన్ దొరికింది. ముక్కు మొద్దుగా, తల గుండ్రంగా ఉంది. వాల్తేరు ఒడ్డున ఇంకో చిన్న తిమింగలం దొరికింది. ఎలియట్ బొమ్మలూ ఎముకలూ లండన్‌లో రిచర్డ్ ఓవెన్‌కి చేరవేశాడు. మన దేశం మొహమే చూడని ఓవెన్ వాటిని బట్టి 1866లో కొత్త జాతులకు పేర్లు పెట్టాడు. రేవులో దొరికింది ఓర్కెల్లా బ్రెవిరోస్ట్రిస్, వాల్తేరుది కోగియా సిమా. మొదటిదాన్ని ఇవాళ లోకమంతా ఇరావతి డాల్ఫిన్ అంటోంది. శాస్త్రానికి అది మొదట తెలిసింది విశాఖలో, పేరు మాత్రం బర్మా నదిది.

అదే పరిశోధనలో ఓవెన్ పెట్టిన మరో పేరు డెల్ఫినస్ గడము. గడము లాటిన్ మాట కాదు. విశాఖ జాలర్లు ఆ జంతువును పిలిచే మాట. ఎలియట్‌కి స్థానికుల పేర్లు రాసుకునే అలవాటుండేది, మొక్కల తెలుగు పేర్లతో 1859లో ఏకంగా ఫ్లోరా ఆంధ్రికా అని పుస్తకమే వేశాడు. అలా మన జాలరి మాట ఒకటి లండన్ దాకా వెళ్లి శాస్త్రనామం అయ్యింది. ఎక్కువ కాలం నిలవలేదనుకోండి. ఆ డాల్ఫిన్ వేరే జాతి కాదని, ముందే పేరున్న టర్సియాప్స్ అడంకస్సేనని తేల్చారు. ఇప్పుడు గడము చెల్లని పేర్ల జాబితాలో ఉంది.

నాకు ఎలియట్ మీద కోపం లేదు. అతను అడిగిన ప్రశ్న "ఇదేమిటి?" అని. దానికి పుర్రె సరిపోతుంది. "ఇది ఎలా ఉంది?" అనే ప్రశ్నకి పుర్రె సరిపోదు, బతికున్న జంతువు కావాలి. వాల్తేరు కోగియా సంగతే చూడండి, నూట యాభై ఏళ్లు దాటినా దాని గురించి మనకి తెలిసిందంతా దాదాపు ఒడ్డుకు కొట్టుకొచ్చిన శవాల నుంచే. పడవ చప్పుడు వింటే మునిగిపోతుంది.

ఇరావతి డాల్ఫిన్లు ఇవాళ మనకు దగ్గర్లో బాగా కనిపించేది చిలికాలో. ఆ సరస్సు దక్షిణపు గట్టు 1936 దాకా మద్రాసు రాజధానిలోదే. అక్కడ వేటకెళ్లేవాళ్లలో తెలుగు మాట్లాడే నోళియాలూ ఉన్నారు. చిలికా, సుందర్‌బన్స్, మలేసియా తీరాల్లో ఈ డాల్ఫిన్ల చర్మం మీద గడ్డలు లేస్తున్నాయని 2014లో ఒక అధ్యయనం అచ్చయింది. పట్టుకోకుండా, కొయ్యకుండా, పడవల్లోంచి తీసిన ఫొటోలు చూసి కనిపెట్టారు. డ్రోన్ ఆ పనినే పైనుంచి, ఇంజను చప్పుడుతో వెంటపడకుండా చెయ్యగలదు.

అయితే డ్రోనే అన్నీ తేలుస్తుందని నేను నమ్మను. ఓర్కా ఈదే నీళ్లు వేరు. చిలికా నీళ్లు బురద, ఒళ్లు పైకి తేలిన ఆ రెండు క్షణాలే కనిపిస్తుంది, వెడల్పు కొలవడం కష్టం. డ్రోన్ మరీ కిందికి దిగితే దాని రొద కూడా జంతువును బెదరగొడుతుంది. తాత వెనక్కి జరిగిన పదడుగులు ఇక్కడా కావాలి. ఇంకో చిక్కు మనిషి పెట్టింది. 1852లో డాల్ఫిన్ దొరికిన విశాఖ ఇప్పుడు తూర్పు నౌకాదళం కేంద్రం, అక్కడ స్థావరాల దగ్గర అనుమతి లేకుండా డ్రోన్ లేవకూడదు. మా దగ్గర పత్తి చేలకు మందు కొట్టడానికి లేచినంత తేలిగ్గా అక్కడ లేవదు.

కొలిచాక ఏం చేస్తారన్నది అసలు కష్టం. అట్లాంటిక్‌లో నాలుగు వందలు కూడా లేని రైట్ తిమింగలాలను విమానాల నుంచి, డ్రోన్ల నుంచి ఇరవై ఏళ్లు కొలిచి 2021లో ఒక లెక్క చెప్పారు. 1981లో పుట్టినదానికంటే 2019లో పుట్టింది పెద్దయ్యేసరికి దాదాపు ఒక మీటరు పొట్టిగా ఉంటుంది. వేట తాళ్లు ఒంటికి చుట్టుకుని ఏళ్ల తరబడి ఈడ్చుకుంటూ తిరగడం ఒక ముఖ్య కారణం. తాళ్లు ఎవరివో, ఎందుకు వేస్తారో అందరికీ తెలుసు. వాటిని మార్చడం మీద గొడవ ఇంకా నడుస్తూనే ఉంది.

2023 జూలైలో శ్రీకాకుళం జిల్లా మేఘవరం తీరానికి ఒక తిమింగలం చచ్చి కొట్టుకొచ్చింది. చుట్టుపక్కల ఊళ్లు కదిలొచ్చి ఫొటోలు దిగాయి. పాతిక అడుగుల పొడవని రాశారు, బరువు రాశారు, నీలి తిమింగలమన్నారు. నేను చదివిన వార్తల్లో దాని డొక్కలు ఎలా ఉన్నాయో ఎవరూ రాయలేదు.