పెనుకొండ సీమ మృణ్మయ పాత్రలు: గాజుపూత, వర్ణాలంకరణ, కుమ్మరి

మట్టిపాత్రల చరిత్రను రాసేటప్పుడు గాజుపూతను నైపుణ్యానికి కొలమానంగా తీసుకోవడం పరిపాటి. పూత ఉన్న పాత్రను కళగానూ, లేనిదాన్ని మోటు వస్తువుగానూ ఎంచుతారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల కుమ్మరి పనికి ఈ కొలమానం సరిపోదు. ఇక్కడి పాత్రకు అలంకరణ ఉంది. అది గాజుపూత రూపంలో లేదు. అందుకు కారణం నైపుణ్యలోపమా, పాత్ర వినియోగమా అన్నది ఈ వ్యాసంలో విచారణాంశం.

భాష మొదటి ఆధారం. కుండ, కడవ, బాన, చట్టి, అటిక, దుత్త, మూకుడు, ప్రమిద వంటి పేర్లు పూత లేని పాత్రలను వాటి ఆకారాన్ని, అక్కరను బట్టి వేరుచేస్తాయి. పూత ఉన్న మేలురకానికి వాడే 'పింగాణి' మాత్రం పారసీక 'పింగాన్' నుంచి వచ్చిన అన్యదేశ్యం. వస్తువు ఎటునుంచి వచ్చిందో పేరే సూచిస్తున్నది.

పని విధానం రెండో ఆధారం. కుమ్మరి చెరువు మట్టిని నానబెట్టి, తొక్కి, సారెపై మెడనూ అంచునూ తీస్తాడు. తడి పూర్తిగా ఆరకముందే లోపల రాయి ఆనించి, వెలుపల చెక్కతో తట్టి అడుగు మూస్తాడు. జేగురు పూసి, నున్నని రాయితో మెరుగు పెడతాడు. ఆవంలో గాలి ఆడితే పాత్ర ఎర్రబడుతుంది. పొగ కమ్మితే నల్లబడుతుంది. గాజుపూతకు సాధారణంగా రెండోసారి కాల్పు అవసరం; మంటా బూడిదా తగలకుండా పాత్రను కాపాడే మూసిన కొలిమి అవసరం. వానలు తక్కువైన ఈ సీమలో వంటచెరకు వ్యయం చిన్న విషయం కాదు. పైగా నీరు సన్నని రంధ్రాల గుండా చెమర్చి ఆవిరైనప్పుడే కడవ చల్లబడుతుంది. గాజుపూత ఆ రంధ్రాలను మూసివేస్తుంది.

ఆచారం మూడో ఆధారం. మైల తీరినప్పుడు పాత కుండలను పారవేసి కొత్తవి తెచ్చుకోవడం ఒకప్పటి కుటుంబ మర్యాద. 'కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు' అన్న సామెత కుండ అల్పాయువును గుర్తుచేస్తుంది. తరచూ మార్చవలసిన వస్తువుకు చిరకాలం నిలిచే పూత అనవసరం. అయితే ఆ అల్పాయువు అలంకరణకు అడ్డు కాలేదు. పెళ్ళిలో కుమ్మరి ఇంటినుంచి మేళతాళాలతో తెచ్చే అరివేణి కుండలకు సున్నం, జేగురు, పసుపు వంటి వర్ణాలతో చుక్కలూ గీతలూ దిద్దుతారు. హిందూపురానికి చేరువలోని లేపాక్షి వీరభద్రాలయంలో 16వ శతాబ్దపు చిత్రకారులు కూడా సున్నపు తెలుపు, జేగురు ఎరుపు వంటి ఖనిజ వర్ణాలనే వాడారు. ఆలయ చిత్రం నిలవడానికి ఉద్దేశించినది. అరివేణి కుండ శుభకార్యం ముగిసేదాకా నిలిస్తే చాలు.

రాజధానుల చరిత్ర ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. విజయనగర శిథిలాల్లో దిగుమతి అయిన చీనా పింగాణి పెంకులు దొరికాయి. కానీ అక్కడి పాత్రల్లో అత్యధికం పూత లేని స్థానిక మట్టిపాత్రలేనని కార్లా సినోపోలి పరిశోధనలు తెలుపుతున్నాయి. నేతవారితో, లోహకారులతో పోలిస్తే కుమ్మరులు శాసనాల్లో చాలా అరుదుగా కనిపిస్తారని కూడా ఆమె గుర్తించారు. 1565 యుద్ధం తరువాత తిరుమలరాయలు రాజధానిని పెనుకొండకు మార్చినప్పుడు ఆస్థానంతోపాటు వంటశాలలూ తరలివచ్చాయి. వాటికి కుండ అందించిన చేతులకు మాత్రం చరిత్రలో పేరు దక్కలేదు. సాహిత్య సంప్రదాయం తిక్కనకు లేఖకుడైన కుమ్మర గురునాథుని, రామాయణకర్త్రి మొల్లను స్మరిస్తుంది. వారిని నిలిపింది గంటం; సారె కాదు.

19వ శతాబ్దంలో గాజుపూత మరో దారిన వచ్చింది. వైద్యుడు అలెగ్జాండర్ హంటర్ 1850లో మద్రాసులో స్థాపించిన కళాపాఠశాల మెరుగుపూత పాత్రల తయారీని బోధించింది. అక్కడ అది పాఠ్యాంశం. ఇక్కడ కుమ్మరి పని కులవృత్తి. పాఠశాల దృష్టిలో పూత అభివృద్ధికి గుర్తు. గ్రామానికి కావలసినది చల్లని నీరు, వండే చట్టి, పెళ్ళికుండ.

కాబట్టి ఈ సీమ పాత్రలకు గాజుపూత లేకపోవడాన్ని లోటుగా గాక నీరు, వంటచెరకు, ఆచారం కలిసి నిర్ణయించిన ఎంపికగా గ్రహించాలి. అల్యూమినియం, స్టీలు, ప్లాస్టిక్ వచ్చాక చట్టీ కడవా చాలా ఇళ్ళలో తొలగిపోయాయి. వాటితోపాటు అంచుకూ మెడకూ అడుగుకూ, మట్టి పాకానికీ కాల్పు హెచ్చుతగ్గులకూ కుమ్మరులు వాడే మాటలు కూడా తొలగుతున్నాయి. శాసనం నమోదు చేయని పనివారికి ఆ వృత్తిపదజాలమే మిగిలిన చరిత్ర. దాన్ని వారి నోటినుంచి సేకరించడం పురావస్తు పరిశోధనకు ఎంత అవసరమో తెలుగు నిఘంటువుకూ అంతే అవసరం.