ఇన్వెస్టర్‌కి ఏజెంట్ రిజిస్ట్రేషన్ అవసరమా? శ్రీనగర్ కాలనీ బ్రోకర్ల నుంచి రెరా దాకా

"ఎలాగూ ఫ్లాట్లు కొని అమ్ముతున్నాను కదా, నేనే ఏజెంటుగా రిజిస్టర్ అయితే పోలా?" ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

శ్రీనగర్ కాలనీనే తీసుకోండి. అమీర్‌పేట, పంజాగుట్టల పక్కన ఒకప్పుడు ఎక్కువగా విడి ఇళ్లే. 1987లో ఉమ్మడి రాష్ట్రంలో అపార్ట్‌మెంట్ల చట్టం వచ్చింది. ఒక్కొక్క ఇల్లే అపార్ట్‌మెంట్ అవుతూ వచ్చింది. ఒక యజమాని ఉన్న గేటు వెనక పదిమంది యజమానులయ్యారు. అమ్మకాలు పెరిగాయి, మధ్యవర్తికి పనీ పెరిగింది. అతనికి లైసెన్సంటూ ఏదీ లేదు. వాచ్‌మన్ చెప్పిన కబురు, కిరాణా కొట్టు దగ్గర మాట, ఒకటో రెండో శాతం కమీషన్, అంతే.

అమెరికాలో కథ వేరు. కాలిఫోర్నియాలో 1919 నుంచే లైసెన్సు చట్టం ఉంది. అందుకే డల్లాస్‌లో ఇళ్లు కొనే మనవాళ్లు కొందరు లైసెన్సు తీసుకుంటారు. లిస్టింగులు నేరుగా కనిపిస్తాయి, కమీషన్ మిగులుతుంది. కానీ టెక్సాస్‌లో లైసెన్సు ఉన్నవాళ్లు సొంతానికి కొన్నా ఆ సంగతి అవతలివాళ్లకి చెప్పి తీరాలి. ఆ సలహాని యథాతథంగా ఇక్కడికి తెచ్చుకుంటేనే చిక్కు.

మన దగ్గర రెరా చట్టం 2016లో వచ్చింది, తెలంగాణ నియమాలు 2017లో. సెక్షన్ 9 ప్రకారం రెరా ప్రాజెక్టుల్లో అమ్మకం కుదిర్చే ఏజెంటు రిజిస్టర్ కావాలి. మీ డబ్బుతో కొని, మీ ఫ్లాట్ మీరే అమ్ముకుంటే మీరు ఏజెంటు కాదు. కానీ బావమరిదిని బిల్డర్ దగ్గరికి తీసుకెళ్లి ఏదో రూపంలో ప్రతిఫలం తీసుకున్నారనుకోండి, అప్పుడు ఏజెంటే. ఇద్దరినీ పరిచయం చేసి డబ్బు తీసుకున్నా చట్టం దృష్టిలో ఏజెంటే. రిజిస్ట్రేషన్ లేకుండా చేస్తే సెక్షన్ 62 కింద రోజుకి 10,000 రూపాయల జరిమానా, ఆస్తి విలువలో 5 శాతం దాకా.

ఇంకో మాట. రిజిస్టర్ అయ్యాక, రెరా నంబరు రాని ప్రాజెక్టులో అమ్మకానికి సాయం చెయ్యకూడదని సెక్షన్ 10 అంటుంది. అంటే ప్రీలాంచ్ ఆఫర్లు మీ చుట్టాలకి అంటగట్టే దారి మూసుకుపోతుంది. మంచిదే! అలాంటి చోట మునిగేది బిల్డర్ ఒక్కడే కాదు, మిమ్మల్ని నమ్మి చెక్కు రాసినవాళ్లు కూడా.

కాబట్టి సొంత ఆస్తుల వరకే అయితే అక్కర్లేదు. పక్కవాళ్ల డబ్బు మీద కమీషన్ తింటున్నారా, ముందు రిజిస్టర్ అవ్వండి. "నాకు ఇందులో ఇంత ముడుతుంది" అని వాళ్లకి ముందే చెప్పండి.