కంప్యూటరు ఆటల యాక్టివేషన్

కంప్యూటరు ఆటల యాక్టివేషన్ అనగా కొనుగోలు చేసిన ఆటను మొదటిసారి ఆడుటకు ముందు, ఆ ప్రతి అసలైనదేనని ప్రచురణ సంస్థ తన సర్వరు ద్వారా ధ్రువీకరించుకొనే పద్ధతి. ఇది నకలు నిరోధక విధానాలలో ఒకటి. డిజిటల్ హక్కుల నిర్వహణ లేదా డీఆర్‌ఎం అనే విస్తృత వర్గంలో దీనిని చేరుస్తారు. దొంగ ప్రతులను అరికట్టుట దీని ముఖ్యోద్దేశం. అయితే దీని నియమాలు దొంగ ప్రతులు వాడేవారికంటె డబ్బు చెల్లించి కొన్నవారినే ఎక్కువగా ఇబ్బంది పెడుతున్నాయనే విమర్శ మొదటి నుండి ఉన్నది. ఆటను కొన్నవారికి ఆ ప్రతి సొంతమవుతుందా, లేక ఆడుకొనే అనుమతి మాత్రమే లభిస్తుందా అనే ప్రశ్న ఈ చర్చకు మూలం.

నేపథ్యం

ఫ్లాపీ డిస్కుల కాలంలో ఆటలకు నకళ్ళు తీయుట చాలా సులభంగా ఉండేది. దీనిని అడ్డుకొనుటకు కొన్ని సంస్థలు డిస్కుపై కావాలనే కొన్ని లోపభూయిష్టమైన భాగాలను ఉంచేవి. మామూలు నకలు ఆదేశాలు ఆ లోపాలను యథాతథంగా తిరిగి వ్రాయలేవు కనుక, ఆట మొదలయ్యేటప్పుడు ఆ లోపం కనిపించకపోతే అది నకలు ప్రతి అని తేలిపోయేది.

మరికొన్ని ఆటలు పెట్టెలో వచ్చే పుస్తకంపై ఆధారపడేవి. 1989లో వచ్చిన "ప్రిన్స్ ఆఫ్ పర్షియా" ఆట మధ్యలో, పుస్తకంలోని ఫలానా పుటలో ఫలానా పదం మొదటి అక్షరమేదో ఆటగాడు చెప్పవలసి వచ్చేది. 1990 నాటి "ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్" ఆటతో ఒకదానిపై ఒకటి తిరిగే రెండు కాగితపు చక్రాలు ఇచ్చేవారు. తెరపై కనిపించిన ముఖాన్ని చక్రంపై కూర్చి, అక్కడ తేలిన సంవత్సరాన్ని టైపు చేయాలి. పుస్తకాలకు జిరాక్సు ప్రతులు తీయవచ్చును కనుక ఇటువంటి పద్ధతుల విలువ పరిమితంగానే ఉండేది.

1990 దశకంలో ఆటలు సీడీలపై వెలువడసాగాయి. సీడీ రైటర్ల ధర తగ్గుటతో వీటికీ నకళ్ళు రాసాగాయి. అప్పుడు సేఫ్‌డిస్క్, సెక్యూరామ్, స్టార్‌ఫోర్స్ వంటి రక్షణ సాఫ్టువేర్లు వచ్చాయి. ఇవి ఆట ఆడేటప్పుడు అసలు సీడీ డ్రైవులో ఉన్నదో లేదో పరిశీలిస్తాయి. సీడీపై గీతలు పడితే కొన్నవారికి కూడా ఆట దక్కేది కాదు. 1998లో విడుదలైన "హాఫ్-లైఫ్", "స్టార్‌క్రాఫ్ట్" వంటి ఆటలు పెట్టెపై ముద్రించిన సీడీ కీని కూడా అడిగేవి. ఇంటర్నెట్టులో ఇతరులతో ఆడదలచినపుడు ఈ కీని సర్వరు పరిశీలించేది.

పనిచేయు విధానం

యాక్టివేషన్ సాధారణంగా ఈ క్రింది క్రమంలో జరుగుతుంది.

1. ఆటగాడు ఆటను ఇన్‌స్టాల్ చేసి కీని ఇస్తాడు, లేదా తన ఖాతాలోకి ప్రవేశిస్తాడు.
2. రక్షణ సాఫ్టువేరు ఆ కంప్యూటరులోని హార్డువేరు భాగాల వివరాల నుండి ఒక గుర్తింపు సంఖ్యను తయారుచేస్తుంది.
3. కీ, గుర్తింపు సంఖ్య రెండూ ఇంటర్నెట్టు ద్వారా సర్వరును చేరుతాయి.
4. ఆ కీ చెల్లుతుందో లేదో, ఇప్పటికే ఎన్ని కంప్యూటర్లపై వాడబడినదో సర్వరు చూస్తుంది.
5. పరిమితి దాటకపోతే అనుమతి పత్రం వంటి ఒక ఫైలును తిరిగి పంపుతుంది. ఆ ఫైలు ఉన్నంతవరకు ఆట నడుస్తుంది.

ఈ విధానంలో ఇబ్బంది రెండవ మెట్టు వద్ద మొదలవుతుంది. హార్డ్ డిస్కు లేదా మదర్‌బోర్డు మార్చినపుడు గుర్తింపు సంఖ్య మారిపోవచ్చును. అప్పుడు అదే కంప్యూటరును సర్వరు కొత్తదిగా లెక్కిస్తుంది. ఆపరేటింగ్ సిస్టమును తిరిగి వేసుకొన్నపుడు కూడా కొన్ని ఆటల విషయంలో ఒక అవకాశం ఖర్చవుతుంది. పాత కంప్యూటరు పాడైపోతే, దానిపై వాడిన అవకాశాన్ని వెనక్కి తీసుకొనే వీలు చాలా ఆటలలో ఉండదు.

కీని ఒక ఖాతాకు జతచేసే పద్ధతిలో ఈ లెక్క ఉండదు. కాని ఒకసారి ఖాతాకు చేరిన ఆటను మరొకరికి అమ్ముటకు గాని, ఇచ్చివేయుటకు గాని వీలుండదు. పాత సీడీలను అమ్ముకొనే అలవాటు ఈ పద్ధతితో చాలావరకు అంతరించినది.

ముఖ్య సంఘటనలు

వాల్వ్ సంస్థ 2003 సెప్టెంబరులో స్టీమ్ అనే సేవను ప్రారంభించినది. 2004 నవంబరు 16న విడుదలైన "హాఫ్-లైఫ్ 2"ను దుకాణంలో పెట్టెగా కొన్నవారు కూడా స్టీమ్ ద్వారా యాక్టివేట్ చేసుకొనవలసి వచ్చినది. విడుదలైన రోజున సర్వర్లపై ఒత్తిడి పెరిగి, చాలామంది డిస్కు చేతిలో ఉండి కూడా ఆడలేకపోయారు.

2007 ఆగస్టులో వచ్చిన "బయోషాక్" ఆటలో సెక్యూరామ్ ద్వారా మొదట రెండు యాక్టివేషన్లను మాత్రమే అనుమతించారు. నిరసనల తరువాత ఈ సంఖ్యను ఐదుకు పెంచారు. 2008లో పరిమితిని పూర్తిగా తొలగించారు. 2008లోనే వచ్చిన "మాస్ ఎఫెక్ట్" కంప్యూటరు ప్రతి ప్రతి పది రోజులకొకసారి సర్వరును సంప్రదించాలని మొదట నిర్ణయించి, విమర్శలు రాగా విడుదలకు ముందే ఆ ఆలోచనను విరమించారు.

ఈ వివాదంలో ఎక్కువగా ప్రస్తావించబడే ఆట "స్పోర్". ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థ దీనిని 2008 సెప్టెంబరులో విడుదల చేసి, మూడు యాక్టివేషన్ల పరిమితి విధించినది. రక్షణ తొలగించిన ప్రతి విడుదలకు కొన్ని రోజుల ముందే ఇంటర్నెట్టులో కనిపించినది. కొన్నవారికి మూడే అవకాశాలు, కొననివారికి ఏ అడ్డూ లేదు అనే వైపరీత్యం దీనివలన ఏర్పడినది. అమెజాన్ సైటులో కొద్దిరోజులలోనే రెండు వేలకు పైగా వినియోగదారులు ఈ ఆటకు ఒకే నక్షత్రం ఇచ్చి నిరసన తెలిపారు. కాలిఫోర్నియాలో ఒక సామూహిక దావా కూడా దాఖలైనది. సంస్థ పరిమితిని ఐదుకు పెంచి, ఆ తరువాత యాక్టివేషన్‌ను వెనక్కి తీసుకొనే ఉపకరణాన్ని ఇచ్చినది. అదే ఏడాది డిసెంబరులో సెక్యూరామ్ లేని ప్రతి స్టీమ్‌లో అమ్మకానికి వచ్చినది. టోరెంట్‌ఫ్రీక్ సైటు లెక్క ప్రకారం 2008లో అత్యధికంగా దొంగతనంగా దిగుమతి చేసుకొనబడిన ఆట ఇదే. ఆ సంఖ్య సుమారు 17 లక్షలు.

యూబీసాఫ్ట్ సంస్థ 2010 మార్చిలో "అసాసిన్స్ క్రీడ్ 2" కంప్యూటరు ప్రతికి నిరంతర ఇంటర్నెట్టు సంబంధాన్ని తప్పనిసరి చేసినది. ఒంటరిగా ఆడే ఆట అయినప్పటికీ, సంబంధం తెగితే అది ఆగిపోయేది. అదే నెలలో సర్వర్లపై దాడి జరుగుటతో కొన్నవారిలో చాలామంది ఆడలేకపోయారు. ఈ నిబంధనను విడిచిపెట్టినట్లు 2012లో సంస్థ ప్రకటించినది. 2012 మేలో "డయాబ్లో 3", 2013 మార్చిలో "సిమ్ సిటీ" విడుదలైనపుడు కూడా ఇటువంటి అంతరాయాలే కలిగాయి. "సిమ్ సిటీ"కి ఇంటర్నెట్టు లేకుండా ఆడే వీలు 2014లో కల్పించబడినది.

డెనువో

ఆస్ట్రియాకు చెందిన డెనువో సాఫ్టువేరు 2014లో "ఫిఫా 15"తో ప్రసిద్ధి చెందినది. ఈ సంస్థను 2018లో ఇర్డెటో కొనుగోలు చేసినది. డెనువో యొక్క ప్రధాన ప్రయోజనం శాశ్వత రక్షణ కాదు. అమ్మకాలు ఎక్కువగా జరిగే మొదటి రోజులలో దొంగ ప్రతి రాకుండా చూచుట దీని లక్ష్యం. ఆ కాలం గడిచిన తరువాత కొందరు ప్రచురణకర్తలు తమ ఆటల నుండి దీనిని తొలగించారు. ఆట వేగం దీనివలన తగ్గుతున్నదనే ఆరోపణ తరచు వినబడుతుంది. సంస్థ దీనిని అంగీకరించదు.

సర్వర్లు మూతపడినపుడు

యాక్టివేషన్ సర్వరు ఉన్నంతకాలమే దానిపై ఆధారపడిన ఆటను కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకొనుటకు వీలవుతుంది. ఆపరేటింగ్ సిస్టము మారినపుడు కూడా ఇటువంటి సమస్యే వస్తుంది. 2015లో వచ్చిన విండోస్ 10, భద్రతా కారణాల వలన సేఫ్‌డిస్క్ డ్రైవరును అనుమతించలేదు. దీనితో అసలు సీడీలు ఉన్నవారు కూడా అనేక పాత ఆటలను నేరుగా ఆడలేకపోయారు.

యూబీసాఫ్ట్ 2014లో విడుదల చేసిన "ది క్రూ" అనే కార్ల పందెపు ఆట సర్వర్లు 2024 మార్చి 31న మూసివేయబడ్డాయి. నిరంతర సంబంధం తప్పనిసరి కనుక, డిస్కు కొన్నవారికి కూడా ఆట పనిచేయకుండా పోయినది. దీనికి ప్రతిస్పందనగా "స్టాప్ కిల్లింగ్ గేమ్స్" అనే ఉద్యమం మొదలైనది. ఐరోపా సమాఖ్యలో వీరి పౌర విజ్ఞాపనకు 2025 జూలై నాటికి 10 లక్షలకు మించి సంతకాలు లభించాయి.

చట్టాలు

అమెరికాలో 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం రక్షణ సాఫ్టువేరును ఛేదించుటను నిషేధించినది. అయితే ధ్రువీకరణ సర్వర్లు మూతపడిన ఆటలను సొంతానికి ఆడుకొనుట కోసం, అలాగే గ్రంథాలయాలు, ప్రదర్శనశాలలు భద్రపరచుట కోసం 2015లో పరిమితమైన మినహాయింపు ఇవ్వబడినది.

భారతదేశంలో 2012 కాపీరైట్ సవరణ చట్టం ద్వారా 65ఏ సెక్షను చేర్చబడినది. హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించినవారికి రెండేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా విధించవచ్చును. ఇందులో ఉద్దేశానికి ప్రాధాన్యం ఉన్నది. చట్టం నిషేధించని పనుల కొరకు చేసినదానికి ఈ సెక్షను కొన్ని షరతులతో మినహాయింపు ఇస్తుంది.

కాలిఫోర్నియా రాష్ట్రంలో 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చిన చట్టం ప్రకారం, అమ్మేది అనుమతి మాత్రమే అయినపుడు ఆ సంగతిని స్పష్టంగా చెప్పకుండా "కొనండి" వంటి పదాలు వాడరాదు. శాశ్వతంగా దింపుకొని ఇంటర్నెట్టు లేకుండా వాడుకొనగల వస్తువులకు ఇది వర్తించదు.

యాక్టివేషన్ లేని ఆటలు

పోలండుకు చెందిన సీడీ ప్రాజెక్ట్ 2008లో ప్రారంభించిన జీఓజీ దుకాణం డీఆర్‌ఎం లేని ఆటలను అమ్ముతుంది. ఇక్కడ కొన్న ఆట ఇన్‌స్టాలరును దాచుకొని, ఎన్నిసార్లయినా వాడుకొనవచ్చును. 2015లో వచ్చిన "ది విచర్ 3" ఈ పద్ధతిలోనే అమ్మబడి విజయవంతమైనది. రక్షణ లేకపోతే అమ్మకాలు జరగవనే వాదనకు ప్రతిగా దీనిని తరచు ఉదహరిస్తారు.

స్టీమ్‌లో అమ్మే ఆటకు ఇతర సంస్థల రక్షణ సాఫ్టువేరు ఉన్నట్లయితే ఆ సంగతి, యాక్టివేషన్ పరిమితి ఉంటే ఆ సంఖ్య, సాధారణంగా ఆట పుటలోనే కుడివైపున తెలుపబడుతుంది.

ఇవి కూడా చూడండి

* కాపీరైట్
* డిజిటల్ హక్కుల నిర్వహణ
* కంప్యూటరు ఆట
* స్వేచ్ఛా సాఫ్టువేరు