యువరాణి పువ్వు, తంగేడు పువ్వు

వీడియో గేమ్ అనగానే తుపాకులు, కార్ల రేసులు మాత్రమే గుర్తొచ్చేవాళ్ళు ఈ టపాకి కాస్త ఓపిక పట్టాలి. ఎందుకంటే ఇది ఒక పువ్వు గురించి. సరిగ్గా చెప్పాలంటే రెండు పువ్వుల గురించి. ఒకటి జపాన్ వాళ్ళు చేసిన గేమ్‌లో పూస్తుంది. రెండోది మా చౌటుప్పల్ చుట్టుపక్కల బీళ్ళలో పూస్తుంది.

ముందు గేమ్ సంగతి. నింటెండో వాళ్ళు 2017 మార్చిలో "ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ద వైల్డ్" విడుదల చేశారు. కథ అచ్చం మన జానపద సినిమానే. లింక్ అనే వీరుడు వందేళ్ళ నిద్ర నుంచి లేస్తాడు. హైరూల్ రాజ్యం అప్పటికే శిథిలమైపోయింది. యువరాణి జెల్డా కోటలో ఉండి ఒక రాక్షసశక్తిని ఒంటరిగా ఆపుతూ ఉంటుంది. లింక్ గుహలోంచి పరుగెత్తుకొచ్చి కొండ అంచున నిలబడగానే మొత్తం రాజ్యం కళ్ళముందు పరుచుకుంటుంది. మనకి వీరుడి వీపు మాత్రమే కనిపిస్తుంది, వాడి ముందు అంతులేని ప్రకృతి.

ఈ బొమ్మ ఎక్కడో చూసినట్టుందే అనిపిస్తే అది మీ భ్రమ కాదు. జర్మన్ చిత్రకారుడు కాస్పర్ డేవిడ్ ఫ్రీడ్రిక్ 1818 ప్రాంతంలో ఇలాంటిదే గీశాడు. కొండ కొమ్మున ఒక మనిషి మనకి వీపు పెట్టి నిలబడి కింద పొగమంచు సముద్రాన్ని చూస్తుంటాడు. రొమాంటిక్ చిత్రకళ అనగానే పుస్తకాల్లో ముందు అచ్చేసే బొమ్మ అదే. ఒంటరి మనిషి, పెద్ద ప్రకృతి, కూలిన కట్టడాలు, అందనిదాని కోసం తపన. రొమాంటిసిజం ముడిసరుకు ఇదంతా. గేమ్‌లో కూడా ఇదే ఉంది.

ఇక పువ్వు. దాని పేరు సైలెంట్ ప్రిన్సెస్, అంటే మౌన యువరాణి. తెలుపు, నీలం కలిసిన చిన్న పువ్వు. జెల్డాకి అదంటే ప్రాణం. పాత జ్ఞాపకంగా వచ్చే ఒక దృశ్యంలో ఆమె లింక్‌కి చెబుతుంది: ఇది అంతరించిపోయేలా ఉంది, ఎంత ప్రయత్నించినా తోటలో పెరగడం లేదు, అడవిలో తనంతట తాను బతకాల్సిందే అని. మనం ఆడే కాలానికి వందేళ్ళు గడిచిపోయి ఉంటాయి. రాజ్యం పోయింది, పువ్వు మాత్రం అక్కడక్కడా పూస్తూనే ఉంది. అది యువరాణి గురించే అని వేరే చెప్పక్కర్లేదు.

పువ్వులో అమ్మాయిని చూడటం కూడా రొమాంటిక్ వారసత్వమే. నోవాలిస్ అనే జర్మన్ కవి 1801లో చనిపోయాడు. అసంపూర్తిగా మిగిలిన అతని నవల 1802లో అచ్చయింది. అందులో కుర్రాడి కలలో ఒక నీలిపువ్వు కనిపిస్తుంది, దగ్గరికెళితే దాని మధ్యలో ఒక అమ్మాయి ముఖం. అప్పట్నుంచీ నీలిపువ్వు అంటే అందని కోరికకి గుర్తు అయిపోయింది. ఆ తర్వాత ఇంగ్లండులో మిలే 1851-52లో ఒఫీలియా బొమ్మ వేశాడు. షేక్స్పియర్ నాటకంలోని ఆ పిచ్చిపిల్ల చేతిలో పూలతో నీళ్ళమీద తేలుతూ ఉంటుంది, పక్కన మనుషులెవరూ లేరు.

సరే, పువ్వు కోసం బయల్దేరే వీరుడు మనకేం కొత్త? భారతంలో ద్రౌపది అడిగిందని భీముడు సౌగంధికం కోసం వెళతాడు. దారిలో ముసలి కోతి రూపంలో హనుమంతుడు, చివర్లో కుబేరుడి కొలను కాపలా రాక్షసులు. గేమ్ భాషలో చెప్పాలంటే రెండు లెవెళ్ళు! నంది తిమ్మన రాసిన పారిజాతాపహరణంలో ఒక్క పువ్వు కృష్ణుడి ఇంట్లో గొడవపెట్టి చివరికి చెట్టునే స్వర్గం నుంచి తెప్పిస్తుంది. 1962లో ఎన్టీఆర్ "గులేబకావళి కథ"లో తండ్రి కళ్ళకోసం రాకుమారుడు తేవాల్సింది కూడా పువ్వే. ఆ కథ పారశీకంలోంచి ఉర్దూకీ, అక్కడ్నుంచి మన నాటకాలకీ సినిమాలకీ నడిచొచ్చింది. వీటన్నిట్లో పువ్వు ఒక వస్తువు. దూరంగా ఉంటుంది, కాపలా ఉంటుంది, ఒక్కడు వెళ్ళి తెస్తాడు.

పువ్వుకి మనసుంటుందనే ధోరణి మన కవిత్వంలో బలంగా వినిపించింది 20వ శతాబ్దంలో. షెల్లీ, కీట్స్‌లని చదువుకున్న తరం భావకవిత్వం మొదలుపెట్టింది. ఆ గాలి సోకినదే కరుణశ్రీ "పుష్పవిలాపం". ఘంటసాల గొంతులో అది వినని తెలుగిల్లు ఆ రోజుల్లో తక్కువ. పూజకి పూలు కోయబోయిన కవితో పూలు మొరపెట్టుకుంటాయి, మమ్మల్ని తుంచొద్దని.

ఇప్పుడు మా ఊరికి రండి. తంగేడు గురించి బతుకమ్మ రోజుల్లో చెప్పుకునే కథ ఒకటుంది, ఊరూరికీ కొంచెం తేడాతో. అన్నలకి ఒక్కతే చెల్లెలు. వదినకి కన్నుకుట్టింది. అన్నలు ఊళ్ళో లేనప్పుడు ఆ పిల్లని చంపి ఊరి బయట పాతిపెట్టింది. అక్కడ తంగేడు చెట్టు మొలిచి విరగబూసింది. అన్న వచ్చి పువ్వు కోయబోతే చెల్లెలు మాట్లాడింది, జరిగింది చెప్పింది. చెప్పి, కోయొద్దు అనలేదు. ఏటేటా నా పూలు కోసి, పేర్చి, ఆడి పాడి నీళ్ళలో సాగనంపమంది.

చూశారా తేడా? నోవాలిస్ పువ్వులోనూ అమ్మాయే, జెల్డా పువ్వులోనూ అమ్మాయే, తంగేడులోనూ అమ్మాయే. కానీ రొమాంటిక్ పువ్వుని ఒక్కడు దూరం నుంచి చూసి నిట్టూరుస్తాడు. తంగేడుని వాడకట్టు మొత్తం కలిసి కోస్తుంది. ఒఫీలియా పూలతో ఒంటరిగా నీళ్ళలో మునుగుతుంది. బతుకమ్మని ఊరి ఆడవాళ్ళంతా చెరువుదాకా వెంటొచ్చి, పాడి, మళ్ళీ ఏడు రమ్మని పంపుతారు. చనిపోయిన పిల్లకి "బతుకు" అని పేరు పెట్టుకున్న పండగ ఇది. మౌన యువరాణి కాదు, మాట్లాడే పిల్ల.

ఇంకో సంగతి. మన కథల్లో హీరోలు తెచ్చిన పూలన్నీ అరుదైనవి. బతుకమ్మ పూలు దాదాపు కలుపు మొక్కలు. గునుగు జొన్నచేలలో రైతు తిట్టుకుంటూ పీకే మొక్క. తంగేడు చెలక గట్లమీద, చెరువు కట్టమీద ఎవరూ నాటకుండా, నీళ్ళు పోయకుండా పెరిగే పొద. దాని బెరడుతో తోళ్ళు ఊనేవారు, ఆకు పొలానికి ఎరువు. నరికినా మళ్ళీ చిగురిస్తుంది. ఏటా కోస్తే పోయే పువ్వు కాదు. మెట్ట నేలలో, వాన నమ్మకం లేని చోట బతికినవాళ్ళు తమ దేవతని ఆ పూలతోనే పేర్చుకోవడం నాకు సహజంగానే కనిపిస్తుంది.

అయితే కోత వల్ల పోని తంగేడు వేరే విధంగా పోతోంది. చౌటుప్పల్ హైదరాబాద్‌కి యాభై కిలోమీటర్ల దూరంలో, విజయవాడ హైవే మీద ఉంది. 2016లో జిల్లా నల్లగొండ నుంచి యాదాద్రి భువనగిరికి మారింది. అంతకంటే పెద్ద మార్పు, బీళ్ళు ప్లాట్లయ్యాయి. రాళ్ళు పాతి, చదును చేసి, గేటు పెట్టాక మొదట పోయేది తంగేడు పొదే. కలుపు మందు కొట్టిన చేలో గునుగు లేదు. 2014లో తంగేడుని రాష్ట్ర పుష్పం అన్నారు, బతుకమ్మని రాష్ట్ర పండగ అన్నారు. సంతోషమే. కానీ సద్దుల బతుకమ్మ ముందురోజు తంగేడుని బజార్లో కట్టలుగా కొనుక్కొస్తున్నాం. మిగతాది బంతిపూలతో సర్దుకుంటున్నాం.

తోటలో నాటుకోవచ్చు కదా అంటారు కొందరు. నాటుకోవచ్చు, పూస్తుంది కూడా. కానీ నా కాంపౌండులో పూసిన తంగేడు నాది. గట్టుమీద పూసినది ఎవరిదీ కాదు, అందుకే అందరిదీ. పొద్దున్నే బుట్ట పట్టుకుని పోయిన ఎవరైనా, ఏ కులంవాళ్ళైనా, సెంటు భూమి లేనివాళ్ళైనా కోసుకోవచ్చు. పండగలోని సమానత్వం పాటలో కంటే ముందు ఆ బీట్లో ఉంది.

జెల్డా చెప్పిన మాట అందుకే నాకు మా ఊరి మాటలా వినిపించింది. కొన్ని పూలు అడవిలోనే, బీట్లోనే బతుకుతాయి. గేమ్ తయారుచేసినవాళ్ళు కష్టపడి, కావాలని, ఏ పనికీ రాని ఖాళీ నేలని అంత మ్యాపులో వదిలారు, పువ్వు దొరికితే సంతోషం కలగాలని. మనకి ఆ నేల ఉచితంగా వచ్చింది. రికార్డుల్లో దాన్ని "బీడు" అని రాసుకున్నాం, అంటే పనికిరానిది అనుకున్నాం. ఊరికి ఒక ఎకరం, కనీసం చెరువు కట్ట, అలా పనికిరానిదిగానే ఉంచుకోగలమా? మీరేమంటారు?