పూర్ణా మార్కెట్ – నగరపాలక ఎన్నికలు

విశాఖ పాతనగరంలోని ఈ మార్కెట్ మహా విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) పరిధిలోనిది. కూరల బుట్ట దించగానే ఆశీలు చెల్లించే చిరువ్యాపారికి ప్రభుత్వమంటే ముందుగా కార్పొరేటరే. ఆశీలు, కాలువల పూడిక, దుకాణాల అద్దె, అన్నీ అతడి దగ్గర తేలాల్సిన తగవులే. అయినా 2012లో పాలకవర్గం గడువు తీరాక 2021 మార్చి 10 దాకా ఇక్కడ నగరపాలక ఎన్నికల పోలింగే జరగలేదు, ప్రత్యేకాధికారులే పాలించారు. గడువులోపే ఎన్నిక పూర్తి కావాలని రాజ్యాంగంలోని 243-యు అధికరణం చెబుతున్నా తొమ్మిదేళ్ల జాప్యం జరగడం క్షమించరానిది. విశాఖవాసి, విశ్రాంత ఐఏఎస్ అధికారి ఈ.ఎ.ఎస్. శర్మ ఎన్నికల సంఘానికి రాసే బహిరంగ లేఖలు పౌర నిఘాకు మంచి నమూనా. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకు వార్డు కమిటీలను రాజ్యాంగమే నిర్దేశించింది. వాటిని పౌరులు పట్టుబట్టి సాధించుకోవాలి.