బరువు ఎటు పోతుంది?

రాజమండ్రి దగ్గర గోదావరి మీద మూడు రైలు వంతెనలున్నాయి. మొదటిది 1900లో వచ్చింది, రెండోది 1974లో, మూడోది 1997లో. మూడూ ఒకే ఏటిని, దగ్గరదగ్గరలోనే దాటుతాయి. అయినా ఒకదాని తీరు ఇంకోదానికి లేదు. అయిదారేళ్ల పిల్లలకు కట్టడాల శాస్త్రం పరిచయం చేయాలంటే తెలుగునేల మీద ఇంతకన్నా మంచి బడి నాకు కనిపించదు.

పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్లినప్పుడు మనం చేసే పని ఒకటుంది. పొడవెంత, ఆసియాలో ఎన్నోది, ఎవరు ప్రారంభించారు అని పాఠం అప్పజెప్పినట్టు చెప్పేస్తాం. పిల్లలకు అవేవీ అక్కర్లేదు. అంత పెద్ద రైలు వెళ్తుంటే వంతెన ఎందుకు పడిపోవడం లేదని వాళ్లకు సందేహం. అది ఇంజనీర్లు అడిగే ప్రశ్నే. రైలు బరువు ఎక్కడ మొదలై, దేనిగుండా దిగి, ఎక్కడ నేలలో కలుస్తుందో చెబితే చాలు, వంతెన కథంతా చెప్పినట్టే.

ముందు పాత వంతెన. దీని పని 1897లో మొదలైంది. అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. రాతి స్తంభాలు, వాటి మీద ఉక్కు గర్డర్లు అంటే దూలాలు, మొత్తం 56 స్పాన్లు. స్పాన్ అంటే ఒక స్తంభానికీ పక్క స్తంభానికీ నడుమ దూరం. ఒక్కో స్పాన్ దాదాపు 45.7 మీటర్లు. అసలు విశేషం నీటి కింద ఉంది. గోదావరి అడుగంతా ఇసుక. ప్రతి వరదకూ కోసుకుపోయే ఆ ఇసుకలో స్తంభం ఎలా నిలబడింది?

పల్లెల్లో ఇసుకనేలలో బావి తవ్వేటప్పుడు ఒరలు దింపడం చూసినవారికి జవాబు సగం తెలిసినట్టే. ఒరను నేల మీద నిలబెట్టి లోపలి ఇసుక తోడుతుంటే అది తన బరువుకు తానే దిగుతుంది. పైన ఇంకో ఒర పేరుస్తారు, మళ్లీ తోడుతారు. నదిలో వంతెన పునాదీ ఇలాగే దిగుతుంది, కాకపోతే ఆ బావి చాలా పెద్దది. చాలినంత లోతు దిగాక అడుగు మూసి, లోపల నింపి, దాని మీద స్తంభం లేపుతారు. రెండు వైపులా మూత కోసేసిన డబ్బా ఒకటి పిల్లాడి చేతికిచ్చి ఇసుకతిన్నె మీద కూర్చోబెట్టండి. పైనుంచి నొక్కితే కాస్త దిగి ఆగిపోతుంది. లోపలి ఇసుక చెంచాతో తోడుతూ నొక్కితే ఇంకా దిగుతుంది. ఎండాకాలంలో నీరు తగ్గినప్పుడు ఈ పాఠానికి గోదావరి ఒడ్డే సరైన చోటు. లోతు తెలియని వదులు ఇసుకలో పునాది నిలబెట్టడం ఈ దేశపు పాత ఆనకట్టలు కట్టినవారి దగ్గరే నేర్చుకున్నామని ఆర్థర్ కాటన్ రాశాడు. ఈ వంతెనలకు కాస్త దిగువన, 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేయించిన కాటనే ఆ మాట అనడం పిల్లలకు తప్పకుండా చెప్పాలి.

1974 వంతెనలో రైలు కింద, రోడ్డు పైన. దీని ప్రధాన స్పాన్లు 91.5 మీటర్లు, అంటే పాతదానికి రెట్టింపు. పక్కనుంచి చూస్తే కనిపించేదంతా త్రికోణాలే. ఎందుకని అడగకముందే చెప్పేయకండి. నానబెట్టిన శనగలు, చీపురుపుల్లలు ఇవ్వండి. నాలుగు పుల్లలతో చతురస్రం చేస్తే వేలితో తోయగానే పక్కకు ఒరిగిపోతుంది. మూడు పుల్లల త్రికోణం ఒరగదు. ఆ చతురస్రానికే మూల నుంచి మూలకు ఇంకో పుల్ల వేస్తే అదీ గట్టిపడుతుంది.

ఈ ఆట నా సొంతం కాదు. కిండర్‌గార్టెన్‌కు ఆద్యుడైన జర్మనీ విద్యావేత్త ఫ్రోబెల్ పద్ధతిలో బఠాణీలు, పుల్లలతో కట్టడాలు కట్టించడం ఉండేది. 1899లో అమెరికాలో అలాంటి ఒక బడిలో కంటిచూపు సరిగా లేని నాలుగేళ్ల పిల్లాడు మిగతావాళ్లలా పెట్టెల్లాంటి ఇళ్లు కట్టకుండా, ఏ ఆకారం కదలకుండా నిలుస్తుందో చేతితో తడిమి చూసుకుంటూ త్రికోణాలు అల్లాడు. అతనే బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్. 1967లో మాంట్రియల్ ప్రదర్శనలో అమెరికా కోసం కట్టిన పెద్ద గుండ్రటి గోపురం అతనిదే.

త్రికోణంలో కొన్ని కడ్డీలను బరువు లాగుతుంది, కొన్నింటిని నొక్కుతుంది. ఇది బొమ్మ గీస్తే తెలిసేది కాదు, ఒంటికి తెలియాలి. అందుకు దారి 1887లోనే దొరికింది. స్కాట్లండ్‌లో టే నది వంతెన 1879 డిసెంబరులో తుపానుకు రైలుతో సహా కూలి, ఆ రైల్లో ఉన్నవారంతా చనిపోయారు. ఆ తర్వాత స్కాట్లండ్‌లోనే ఫోర్త్ వంతెన కడుతుంటే జనానికి నమ్మకం కుదరలేదు. ఇంజనీరు బెంజమిన్ బేకర్ ఇద్దరిని కుర్చీల్లో కూర్చోబెట్టి చేతులు చాపించాడు. ఆ చేతులకు ఊతంగా కుర్చీల దగ్గర నుంచి వాలుగా కర్రలు. బయటివైపు చేతులకు ఇటుకల బరువులు కట్టాడు. లోపలివైపు కర్రల మధ్య వేలాడే పీట మీద కైచి వతనబే అనే జపాన్ ఇంజనీరు కూర్చున్నాడు. పీట కింద ఏ ఆధారమూ లేదు, అయినా అతను పడలేదు. చేతులు లాగుడును మోశాయి, కర్రలు నొక్కుడును మోశాయి. 1890లో తెరిచిన ఆ వంతెన మీద ఇప్పటికీ రైళ్లు తిరుగుతున్నాయి.

బేకర్ దీన్ని పెద్దల కోసం చేసి చూపించాడు. ఇంట్లో పిల్లలతో చేయడానికి రెండు కుర్చీలు, నాలుగు కర్రలు, ఒక పీట, పుస్తకాలు నింపిన రెండు సంచులు చాలు. అయితే పీట మీద కూర్చున్నవాళ్లకు సరదా మాత్రమే దక్కుతుంది. చేతులు చాపి కూర్చున్నవాళ్లకే వంతెన తెలుస్తుంది. అందుకే పిల్లల్ని వంతులవారీగా కుర్చీల్లోనూ కూర్చోబెట్టాలి. వాళ్లకు కుర్చీల్లో కూర్చునే వంతు వచ్చినప్పుడు పీట మీద బరువు తగ్గించండి.

మూడో వంతెన కాంక్రీటుది. 28 స్పాన్లు, ఒక్కోటి 97.55 మీటర్లు, ప్రతిదాని మీదా విల్లులాంటి ఆర్చి. మామూలుగా ఆర్చి తన మీది బరువుతో రెండు కొసల్నీ బయటికి తోస్తుంది. వంచిన వెదురుబద్దను బల్ల మీద నిలబెట్టి నొక్కితే కొసలు జారిపోవడం చూడొచ్చు. ఆ కొసలకు తాడు కడితే జారవు. ఇక్కడ ఆ తాడు పని చేసేది కిందనున్న రైలు దారి గర్డరే. అది ఆర్చికి నిలువు ఊచలతో వేలాడుతోంది కూడా. ఆర్చి, గర్డరు ఒకదాన్నొకటి పట్టుకుని తోపును తమలోనే సరిపెట్టుకుంటాయి కాబట్టి స్తంభం మీదికి ముఖ్యంగా నిలువు బరువే దిగుతుంది.

ఇప్పుడు పిల్లల చేత లెక్కపెట్టించండి. పాతదానికి 56 స్పాన్లు, దీనికి అందులో సరిగ్గా సగం. అదే నదికి స్తంభాలు ఎందుకు తగ్గాయి? నదిలో దింపే ప్రతి బావీ కష్టం, ఖర్చు. స్పాన్ పొడవైతే బావులు తగ్గుతాయి కానీ పైన మోయాల్సిన భాగం బరువెక్కుతుంది. ఆ రెంటి మధ్య తూకం ఎక్కడ కుదురుతుందనేది ఆయా కాలంలో దొరికిన ఉక్కు, కాంక్రీటు, యంత్రాల మీద ఆధారపడింది. ఏడేళ్ల పిల్లకు ఈ మాట బాగానే అర్థమవుతుంది. ‘అయితే ఒక్కటే స్పాన్ ఎందుకు వేయకూడదు’ అని తిరిగి అడుగుతుంది కూడా. అడగనివ్వాలి.

పాత వంతెన మీద 1997 నుంచి రైళ్లు లేవు. రైలు తిరిగే వంతెన మీదికి పిల్లల్ని ఎవరూ వెళ్లనివ్వరు, వెళ్లనివ్వకూడదు కూడా. ఈ ఒక్కదాన్ని మాత్రం భద్రమైన కంచె వేసి వాళ్లకు తెరవొచ్చు. రెండు స్పాన్ల మేర నడిచే దారి వేసి, రివెట్లను వాళ్ల చేతికి అందనిచ్చి, బరువు దిగే దారిని గర్డరు మీద నుంచి స్తంభం దాకా రంగుతో గీయించాలి. గట్టు మీద ఇసుక గుంట, అందులో మూతలు కోసిన డబ్బాలు ఉంచాలి. పక్కనే రైలు ఆర్చి వంతెన మీద వెళ్తుంటే దాని బరువు ఎటు పోతోందో పాత వంతెన మీద నిలబడిన పిల్లలు వేలితో చూపించగలరు.