బందరు దారికి ఆ చివర

సంక్రాంతికి బందరు వెళ్ళినప్పుడల్లా మా పిన్ని అడిగేది ఒకటే: "అక్కడ మనవాళ్ళెవరన్నా ఉంటారా అమ్మా?" నేను టోలిచౌకిలో కాపురం పెట్టి ఇరవై రెండేళ్ళయినా ఆ ప్రశ్న మారలేదు.

పిన్నిని తప్పుపట్టను. నైజాం అంటే వేరే దేశమనే మేమంతా వింటూ పెరిగాం. అందులో అబద్ధమూ లేదు. 1766లో నిజాం అలీ ఉత్తర సర్కారులను ఇంగ్లీషు కంపెనీకి రాసిచ్చిన దగ్గర్నుంచి మనం కుంఫిణీ కింద, వీళ్ళు అసఫ్‌జాహీల కింద. ఇక్కడ చెల్లే డబ్బు హాలీ సిక్కా. తపాలా బిళ్ళ వేరు, కచేరీ భాష వేరు. 1948 సెప్టెంబరు దాకా అంతే. 1956లో కలిశాం, 2014లో మళ్ళీ రెండు రాష్ట్రాలయ్యాం. అయితే ఆ 1766కు ముందు సంగతి మాకెవరూ సరిగా చెప్పలేదు. అది రోజూ మా డాబా మీద నుంచి కనబడుతుంది.

బట్టలు ఆరేస్తూ తలెత్తితే కుతుబ్‌షాహీల గుంబజులు, వాటి వెనక గోల్కొండ. 1518 నుంచి 1687 దాకా ఏలిన ఆ వంశానికి సముద్రం మీద వాకిలి మన మచిలీపట్నం. బందరు అన్న మాటే పారసీ. రేవు అని అర్థం. కృష్ణ ఒడ్డున కొల్లూరులో తవ్విన వజ్రాలు గోల్కొండ పేరుతోనే లోకమంతా తిరిగాయి. 1611లో ఇంగ్లీషువాళ్ళు బందరులో కోఠీ పెట్టిందీ ఈ రాజ్యంతో వ్యాపారానికే. మన పెడన అద్దకానికున్న కలంకారీ అన్న పేరూ పారసీయే. మా గుమ్మానికి వేలాడే పెడన తెర అంచును పక్కింటి ఖాలా ఒకరోజు వేలితో తడిమి, తీగ వెంట పువ్వు దాకా వెళ్ళి ఆగింది. "ఇది మా గుంబజుల మీది తీగే కదా బేటా" అంది.

ఆ గుంబజుల్లో ఒకటి ఇబ్రహీం కుతుబ్‌షాది. పట్టం రాకముందు విజయనగరంలో అళియ రామరాయల దగ్గర ఏడేళ్ళు తలదాచుకున్నవాడు. మన కవులు ఆయన్ను మల్కిభరాముడని తెలుగు చేసుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. ఆదివారం పొద్దున నడకకు వెళ్తే అక్కడ కాసేపు నిలబడతాను. పరాయి రాజు సమాధి ముందు నిలబడ్డట్టు నాకెప్పుడూ అనిపించలేదు.

తిండి సంగతి రాయకపోతే పిన్ని ఊరుకోదు. నిజాముల కొలువులో సిపాయిలుగా యెమెన్ నుంచి వచ్చిన అరబ్బులు పాతబస్తీ అవతల బార్కస్‌లో స్థిరపడ్డారు. బ్యారక్స్ అన్న మాటే నోళ్ళలో నలిగి బార్కస్ అయింది. వాళ్ళ తిండి మందీ ఇప్పుడు మా టోలిచౌకిలో వీధికొకటి. పెద్ద పళ్ళెం నిండా అన్నం, పైన ఎముకనుంచి జారిపోయే మాంసం. చుట్టూ నలుగురు నేలమీద కూర్చుని అందులోంచే తింటారు. గోంగూర నాలుకకు మొదట చప్పగా ఉంటుంది. మూడోసారికి అలవాటవుతుంది. పారమౌంట్ కాలనీలో యెమెన్, సోమాలియా విద్యార్థులు ఒక పళ్ళెం దగ్గర, గుట్ట మీది ఫిలింనగర్ నుంచి షూటింగు ముగించుకుని దిగొచ్చిన గోదావరి కుర్రాళ్ళు ఇంకో పళ్ళెం దగ్గర. మనవాళ్ళున్నారు పిన్నీ!

రంజాన్ నెలలో హోటళ్ళ ముందు మట్టితో భట్టీలు కడతారు. డేగిశాల్లో గోధుమలు, మాంసం, పప్పులు, నెయ్యి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి పొడుగాటి కర్రలతో గంటల తరబడి దంచుతారు. వంగినప్పుడు ఒకరి ఊపిరి, లేచినప్పుడు రెండోవాడి ఊపిరి. మా అమ్మమ్మ వాళ్ళింట్లో అటుకులు దంచే జోడు రోకళ్ళ వరసే అది. మాంసమేదో గోధుమేదో తెలియకుండా జిగురుగా సాగితేనే హలీం. 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది ఈ వంటకే.

అమ్మ వచ్చినప్పుడు గుంబజులన్నీ తిప్పి చూపించాను. ఆమె వెతికింది ఒక్కదాని కోసమే. "కూచిపూడిని భాగవతులకు అగ్రహారంగా ఇచ్చాడే, ఆ తానీషాది ఏది?"

"ఇక్కడ లేదమ్మా. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు పట్టుకుపోయాడు. దౌలతాబాద్ కోటలో ఖైదులోనే పోయాడు."

మన రామదాసును చెరలో పెట్టించినవాడని అమ్మకు ఆయన మీద ఎప్పటిదో కోపం. కాసేపు మాట్లాడలేదు.

"ఎన్నేళ్ళున్నాడు?"

"పన్నెండేళ్ళు."

"రామదాసూ పన్నెండే కదే" అని పక్కనున్న మెట్టు మీద కూర్చుండిపోయింది.